ఎర్ర గుర్తు అంటించని విమానం

ఒక బొమ్మ విమానం ఎంత బరువుంటుంది? అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న బరువు అదే. ఎవరికీ చెప్పలేదు. నా భార్య ప్రతి దసరాకీ దాని మీది దుమ్ము తుడుస్తుంది, ఆమెకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే నోరు పెగులుతోందేమో.

ఎక్కడ మొదలుపెట్టాలి? పొలం దగ్గరా, విమానం దగ్గరా? నా తప్పు ఈ రెండింటిలో దేనికి సంబంధించిందో నాకు ఇప్పటికీ తేలలేదు. విమానం దగ్గరే మొదలుపెడతాను. అది నాకు బాగా తెలిసిన సంగతి. బాగా తెలుసు గనకే ఆ తప్పు చేయగలిగాను.

మాది బూర్గంపాడు పక్కన ఒక ఊరు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు సంపాదించి పొగాకు, మిరప వేశాడు. డెబ్భైల చివర్లో నేను పాలిటెక్నిక్ ముగించి, ఉద్యోగం దొరక్క ఇంటిపట్టునే ఉండేవాణ్ణి. పొద్దు గడవక సాయిలు తాత సైకిలు కొట్టు దగ్గర కూర్చునేవాణ్ణి. సాయిలు తాత మాకు చుట్టం కాదు. ఊరందరికీ తాతే. వయసులో ఉన్నప్పుడు బ్రిటిష్ వాళ్ల సైన్యంలో లారీ నడిపాడు. తిరిగొచ్చాక సర్కారు సర్వేయర్ల జీపు నడిపాడు. కాలు బొత్తిగా సహకరించనప్పుడు రోడ్డు పక్కన పంచర్ల కొట్టు పెట్టుకున్నాడు.

ఆయన దగ్గర ఒక కథ ఉండేది. ఎడారిలో లారీ పక్కన బాంబు పడి కాలు విరిగిందట. జర్మన్ వాళ్లకు దొరికిపోయాడట. వాళ్లు ఆయన్ని మోసుకెళ్లి, మూడు ఇంజన్ల విమానంలో పడుకోబెట్టి, సముద్రం దాటించి దవాఖానాలో వేశారట. ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. విమానాన్ని మా ఊళ్లో గాలిమోటరు అంటారు. ఆయనకు గాలిమోటరు సాయిలు అనే పేరు స్థిరపడింది. ట్యూబు పట్టుకొచ్చిన ప్రతి కుర్రాడూ ఒకటే ప్రశ్న.

"తాతా, గాలిమోటరుకు పంచరైతే ఎవరేసిండ్రు?"

"మీ తాత ఏసిండురా. పక్కన కూసొని నేను సొల్యూషన్ పూసిన."

నేను మాత్రం నమ్మాను. నమ్మాను అనడం కూడా సరికాదేమో. నాకు ఆసక్తి కలిగింది. ముక్కు మీద ఒక ఇంజను, రెక్కకొకటి అనేవాడు. దాని ఒళ్లు మన రేకుల షెడ్డు లాగా ముడతలు ముడతలుగా ఉండేదనేవాడు. హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేవాణ్ణి. ఒకసారి ఒక చిరిగిన ఇంగ్లీషు పత్రికలో దొరికింది. జంకర్స్ 52. జర్మన్ వాళ్ల రవాణా విమానం. మూడు ఇంజన్లు, ముడతల రేకు, లోపలికి ముడుచుకోని చక్రాలు. జర్మన్ సైనికులు దాన్ని ముద్దుగా అత్త అనేవారట. అందులోని ఫొటో చూపిస్తే సాయిలు తాత చేతులకున్న గ్రీజు తుడుచుకుని మరీ పత్రిక అందుకున్నాడు.

అప్పటి నుంచి నాకు పిచ్చి పట్టింది. ఆ విమానంలో ఎన్ని రకాలో! చక్రాల బదులు పడవల్లాంటివి కట్టుకుని నీళ్ల మీద దిగేది ఒకటి. మంచు మీద జారేది ఒకటి. మధ్యధరా సముద్రం వైపు తిరిగిన వాటికి నడుము చుట్టూ తెల్ల పట్టీ, రష్యా వైపు వాటికి పసుప్పచ్చ పట్టీ. పక్కల మీది అక్షరాలను బట్టి ఏ దళానిదో చెప్పవచ్చు. నేను ఒక్కొక్కటీ తెలుసుకుని వెళ్లి అడిగేవాణ్ణి. తాతా, నడుముకు పట్టీ ఉందా? చక్రాల మీద మూత ఉందా? ఆయన కళ్లు మూసుకుని గుర్తు చేసుకునేవాడు. తన కథను ఎగతాళి చేయకుండా ప్రశ్నలడిగిన మనిషి ఆయనకు నేనొక్కణ్ణే.

ఆయన చెప్పినవాటిలో రెండు మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. ఒకటి, విమానం తెల్లగా ఉండి రెక్కల మీదా పక్కలకూ ఎర్రని దవాఖానా గుర్తు ఉండేదని. రెండోది, దాని చుట్టూ పెద్ద గుండ్రటి చట్రం ఉండేదని. చేతికి గాజు తొడిగినట్టు. విమానానికి గాజేమిటి అని నేనూ లోలోపల నవ్వుకున్నాను.

ఓడలో పనిచేసే మా మేనమామ కొడుకు ఆ ఏడాది ఒక పెట్టె తెచ్చిచ్చాడు. ముక్కలు అతికించి తయారు చేసుకునే ప్లాస్టిక్ బొమ్మ. జంకర్స్ 52. అందులో ముక్కలు ఎలా అతికించాలో చూపే పటం, నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల కాగితం ఉన్నాయి. బొమ్మను రెండు రకాలుగా చేసుకోవచ్చు. మొదటిది యుద్ధం రంగులు, నల్ల శిలువలు, తోక మీద వాళ్ల స్వస్తిక్. రెండోది ఒళ్లంతా తెలుపు, ఎర్రని దవాఖానా గుర్తులు, గాయపడ్డవాళ్లను మోసేది. పటం వెనుక ఇతర రకాల చిన్న చిన్న గీతబొమ్మలు. వాటిలో ఒకదాని చుట్టూ, ముక్కు నుంచి రెక్కల కొసల మీదుగా తోక దాకా, పెద్ద గుండ్రటి చట్రం. సముద్రంలో దాచిన బాంబులను పేల్చడానికట.

గాజు. అచ్చం ఆయన చెప్పిన గాజు.

పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాల్సింది. ఎందుకు వెళ్లలేదు? బొమ్మ పూర్తి చేసి చూపిద్దామనుకున్నాను. పూర్తి చేసేటప్పుడు తెల్ల విమానం చప్పగా కనిపించింది. యుద్ధం రంగులే వేశాను. నల్ల శిలువలే అంటించాను. ఎర్ర గుర్తులు కాగితం మీద అలాగే మిగిలాయి. ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాను. అప్పటికి ఇందులో తప్పేమీ లేదు. కుర్రతనపు ముచ్చట, అంతే. అంతేనా?

ఇక పొలం సంగతి.

వాగు పక్కన మా చేనును ఆనుకుని ముత్తమ్మ అనే కోయ ఆమె చేను ఉండేది. భర్త లేడు, చిన్న పిల్లలు. మా నాన్న ఇప్పచెట్టు దాకా తన హద్దే అన్నాడు. కాదు, వాగు వంపు దగ్గరే హద్దు అని ముత్తమ్మ అంది. మధ్యలో ఉన్నది ఆమె చేనులో సగానికి పైనే. హద్దురాయి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకోవాలని అడగలేదు. ఆ రాయి పాతిన రోజు అక్కడున్నవాళ్లలో బతికున్నది ఒక్కడే. ఆ రోజు సర్వేయరు జీపు నడిపిన సాయిలు తాత. వాగు వంపు దగ్గరే పాతారని ఆయన ముందు నుంచీ అంటున్నాడు.

మా వైపు పంచాయితీల్లో ఒక పద్ధతి ఉండేది. సాక్షిని చాప మీద కూర్చోబెడతారు. అవతలి పక్షం వాళ్లు అతనిది ఒక్క అబద్ధం పట్టుకుంటే చాలు, మిగతా మాట వినకుండానే చాప మీద నుంచి లేపేస్తారు. మా నాన్నకు ఆ పద్ధతి బాగా తెలుసు.

పంచాయితీకి ముందురోజు అన్నం తింటూ అన్నాడు. "రేపు ఆ బొమ్మ పట్టుకురా అబ్బాయ్. నిన్నేమీ అబద్ధమాడమనడం లేదు. నువ్వు చేసిన బొమ్మ నువ్వు చూపిస్తావ్. అంతే."

అంతే. ఆ మాటను నేను ఎన్నేళ్లు పట్టుకు వేలాడానో!

బియ్యం మిల్లు వరండాలో కూర్చున్నారు. పెద్దమనిషి నర్సయ్య పటేల్. సాయిలు తాత చాప మీద, విరిగి అతుక్కున్న కాలు ముందుకు చాపుకుని. ఒక పక్క ముత్తమ్మ నిలబడి ఉంది.

"సాయిలూ, పొలం సంగతి తర్వాత. నువ్వెక్కిన గాలిమోటరు ఎట్లుండె? జర చెప్పు" అన్నాడు పటేల్.

"గదెందుకు పటేలా ఇప్పుడు?"

"అడిగింది చెప్పు."

"తెల్లగుండె. రెక్కల మీద, పక్కలకు ఎర్రగ దవాఖానా గుర్తుండె. సుట్టూ ఇంత పెద్ద గుండ్రం, గాజు లెక్క."

వరండా అంతా గొల్లుమంది. "గాలిమోటరుకు గాజులేసిండ్రా? మరి పుస్తెలు గట్టిందెవరు తాతా, నువ్వేనా?" అని ఎవరో అరిచారు.

నేను సంచిలోంచి బొమ్మ తీశాను. చేతులు మారింది. తోక మీది గుర్తు చూసి పటేల్ తలకిందులుగా తిప్పి చూశాడు. "ఏందిరో ఇది, మన గడపకు పసుపుతోని ఏసే గుర్తు లెక్కుంది. జర్మనోడు గృహప్రవేశం జేసిండా ఏంది?" మళ్లీ నవ్వులు. చివరికి బొమ్మ సాయిలు తాత చేతికి వచ్చింది. ఆయన నవ్వలేదు. బొటనవేలితో దాని ఒంటి మీది ముడతలు తడిమాడు.

"గిదే. గిదే పటేలా! రేకు జూడున్రి." తోక వైపు తిప్పి చూసి, తడబడ్డాడు. "గని... రంగు గిది గాదు. ఈ నల్ల గుర్తులు నాకెరుక లేవు. ఎర్రగుండె."

"పిలగా, నువ్వు సదువుకున్నోనివి" అన్నాడు పటేల్ నా వైపు తిరిగి. "నువ్వే చెప్పు. దీనికి ఎర్ర గుర్తు ఉంటదా?"

ఎర్ర గుర్తులు మా ఇంట్లో బీరువా మీద ఉన్నాయి.

"నేను చదివినంతలో లేదండి."

"మరి గాజు?"

"లేదండి."

ఇవీ నా మాటలు. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఊపిరి తీసుకున్నంత సేపు పట్టలేదు. "సాయిలన్న అబద్ధమాడడు పటేలా, అందరికెరుకే గద" అని ముత్తమ్మ ఏదో చెప్పబోయింది. పటేల్ చెయ్యెత్తి ఆపాడు. సాయిలు తాతను లేవమన్నాడు. ఆయన గోడ పట్టుకుని లేచాడు. బొమ్మను నా చేతిలో జాగ్రత్తగా పెట్టాడు. రెక్క విరుగుతుందేమోనన్నట్టు రెండు చేతులతో పెట్టాడు.

"బొమ్మ మంచిగ జేసినవ్ పిలగా" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ఎన్నోసార్లు ఆ గొంతును గుర్తు చేసుకుని వెతికాను. లేదు.

ఇప్పచెట్టు దాకా మాదైంది. ముత్తమ్మ మిగిలిన చెక్కను కూడా వదులుకుని, పిల్లలను తీసుకుని పర్ణశాల అవతల అడవి అంచున అన్నదమ్ముల ఊరికి వెళ్లిపోయింది. అక్కడ కూలి చేసుకుంటోందని విన్నాను.

ఇంతవరకే అయితే నాన్న కోసం చేశానని ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. తర్వాత జరిగింది ఎవరి కోసం చేశాను?

చాలాకాలం ఆ కొట్టు ముందు నుంచి వెళ్లకుండా తప్పించుకు తిరిగాను. ఒకరోజు సరిగ్గా అక్కడే సైకిలు చైను తెగింది. ఆయనే పిలిచాడు. చైను బాగు చేస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"ఒక్క మాట నిజంగ చెప్పు పిలగా. నువ్వు గన్ని బుక్కులు సదివినవ్. నేను గాలిమోటరు ఎక్కిన్నా, ఎక్కలేదా?"

నేను ఆయన ముఖం చూశాను. నన్ను పరీక్షించడం లేదు. నిందించడం లేదు. ఆయనకు నిజంగానే తెలియడం లేదు.

"గప్పుడు నాకు ఒళ్లు కాలిపోయే జరముండె. కాలు కుళ్లింది. గట్లనే అనిపించిందంటవా?"

చుట్టుపక్కల ఎవరూ లేరు. పటేల్ లేడు, నాన్న లేడు. పంచాయితీ ముగిసి నెలలైంది. ఎక్కావు తాతా, నువ్వు చెప్పిన తెల్ల విమానం, గాజు విమానం బొమ్మలు నా దగ్గరి పటంలో ఉన్నాయి అంటే ఏమయ్యేది? ఆయన కొట్టు మూసి తిన్నగా పటేల్ దగ్గరికి వెళ్లేవాడేమో. వెళ్లకపోయేవాడేమో. నేను లెక్క వేసుకున్నాననే అనుకుంటాను. లేక లెక్క ఏమీ వేయకుండానే నోటికి వచ్చేసిందా?

"జ్వరంలో అలా అనిపించి ఉంటుంది తాతా" అన్నాను.

"అవ్" అన్నాడాయన. "గంతే అయి ఉంటది."

ఆ తర్వాత కుర్రాళ్లు గాలిమోటరు సంగతి ఎత్తితే, "లేదు బిడ్డా, నన్ను ఓడలనే తీస్కపోయిండ్రు" అనేవాడట. ఈ మాట నాకు వేరేవాళ్లు చెప్పారు. పాపం, చివరికి నిజం ఒప్పుకున్నాడు ముసలాయన అని నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను. అలా ఓడ ఎక్కి వెళ్లిన మనిషిగానే కొన్నేళ్లకు పోయాడు. భూమి అయితే కొలిచి చూపించవచ్చు. ఒక మనిషి తలలో ఉన్న విమానాన్ని తీసేసి ఓడను పెట్టడం ఏ కొలతకు వస్తుంది?

నాకు బొగ్గుగనుల వైపు వర్క్‌షాపులో డ్రాయింగు పని దొరికింది. విమానాల పిచ్చి మాత్రం వదల్లేదు. పత్రికలు తెప్పించాను. విదేశాల్లో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లకు ఉత్తరాలు రాశాను. ఏ దళానికి ఏ అక్షరాలు, ఏ ఏడాది ఏ రంగు, ఏ విమానాశ్రయంలో ఏ రకం దిగింది. మా ఆవిడ దాన్ని సరదా అనుకుంది, తోటివాళ్లు విద్వత్తు అనుకున్నారు. నేను వెతికింది వేరు. గాయపడ్డ భారతీయ ఖైదీలను ఆ విమానాల్లో ఎన్నడూ ఎక్కించలేదని ఎక్కడైనా ఒక్క ముక్క దొరుకుతుందేమోనని వెతికాను. ఆయన కథ నిజం కాదని తేలితే నేను చెప్పింది నిజమైపోతుందని. ఇది అర్థం కావడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది.

దొరకలేదు. ఎక్కించారనీ దొరకలేదు. వెతికినకొద్దీ రకాలు పెరిగాయి. తెల్లవాటిలో అన్నీ గాయపడ్డవాళ్లనే మోయలేదని ఒకడు రాశాడు. రంగు మార్చని మామూలువాటిలోనూ గాయపడ్డవాళ్లను మోశారని ఇంకొకడు రాశాడు. చట్రం ఉన్నదానికి దవాఖానా గుర్తు ఉన్న ఫొటో ఒక్కటీ చూడలేదు. అంటే సాయిలు తాత రెండు విమానాలను కలిపేశాడు. స్ట్రెచర్ మీద పడుకుని పక్కనున్న చట్రం విమానాన్ని చూసి ఉంటాడు, తెల్లదానిలో ఎక్కి ఉంటాడు. జ్వరంలో రెండూ ఒకటైపోయాయి. ఇది ఎంత తేలికైన సమాధానం! మిల్లు వరండాలోనే నాకు తట్టింది. తట్టిందని ఇవాళ ఒప్పుకుంటున్నాను. ఆయన చెప్పినదాంట్లో కొంత పొరపాటు ఉందన్న సంగతినే తలుపుగా పెట్టుకుని దాని వెనుక దాక్కున్నాను.

ఆ మధ్య నాన్న పోయాడు. పొలం అన్నయ్య చేతిలో ఉంది. ముత్తమ్మ భాగం ముత్తమ్మకు ఇచ్చేద్దామని చెప్పి చూశాను. "ఆ విమానాల గోల ఇంకా వదల్లేదా నువ్వు?" అని విసుక్కున్నాడు. గత నెల పర్ణశాల అవతలికి వెళ్లాను. ముత్తమ్మ గుమ్మం ముందు ఇప్పపువ్వు ఆరబోస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. నాన్న పేరు చెబితే పట్టింది. అంతా చెప్పాను. పెట్టె సంగతి, ఎర్ర గుర్తుల సంగతి. వింటూ పువ్వుల్లోని చెత్త ఏరుతూనే ఉంది.

"సాయిలన్న అబద్ధమాడలేదని మాకు గప్పుడే ఎరుకే" అంది. "పొలం ఇప్పిస్తవా మరి?"

అది నా చేతిలో లేదన్నాను. కావాలంటే నలుగురిలో కూర్చుని, హద్దు వాగు వంపు దగ్గరేనని సాయిలు తాత చెప్పింది నిజమని సాక్ష్యం చెబుతానన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "నీ మాట ఎవరింటరయ్యా? సాప మీదికెల్లి లేపనీకి ఒక్క అబద్ధం సాలు గద."

ఇంతవరకూ నాకు తోచనేలేదు. ఈ ఒప్పుకోలుతో నా మాటకు విలువ వస్తుందనుకున్నాను. ఉన్నది కూడా పోతోందా? మరి చెప్పడం ఎందుకు? చెప్పకపోతే హద్దు ఇప్పచెట్టు దగ్గరే ఉండిపోతుంది. చెప్పినా అక్కడే ఉంటుంది. వచ్చేటప్పుడు ఆమె మంచినీళ్లిచ్చింది. తాగాను. అది క్షమించడం కాదు. ఎండన పడి వచ్చినవాడికి ఎవరైనా ఇస్తారు.

ఇంటికొచ్చి పెట్టె దించాను. బొమ్మ మీది నల్ల శిలువలను గోటితో గీకేశాను. తోక మీది గుర్తునూ గీకేశాను. ఎర్ర గుర్తుల కాగితం పసుపు రంగుకు తిరిగింది. పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టాను. కాగితం నుంచి జారి వస్తుందనుకున్న గుర్తు నీళ్లలోనే పొడిపొడిగా విడిపోయింది. ఇంకొకటి వేశాను. అదీ అంతే. వేలికి ఎర్రటి తునకలు అంటుకున్నాయి. ఇప్పుడా విమానానికి ఏ గుర్తూ లేదు. చూసినవాళ్లెవరూ అది ఎవరిదో చెప్పలేరు. నేనూ చెప్పలేను.

పొలం ఇవ్వలేకపోయాను. సాక్షిగానూ పనికిరాను. నా దగ్గర మిగిలింది ఒక్క జవాబు. అడిగిన మనిషి లేడు. చైను చేతిలో పట్టుకుని తలెత్తకుండా అడిగాడే, దానికి జవాబు. తెల్లదో నల్లదో, గాజు ఉన్నదో లేనిదో, ఎవరి పుస్తకంలో ఏముందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంతే.

ఎక్కావు తాతా.